కంప్యూటర్‌లో ఉన్న మెయిల్ ఫోన్‌లో లేకపోతే: పాప్, ఐమ్యాప్ సమస్యలు - పరిష్కారాలు

సమస్య: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకరు ఉదయం దుకాణంలోని కంప్యూటర్‌లో ఆర్డర్లు చూసుకుంటారు. మధ్యాహ్నం లోడింగు దగ్గర ఫోన్ తీస్తే, ఎన్ని టిన్నులు, ఏ గ్రేడు పంపాలో రాసి ఉన్న ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనిపించదు.

కారణం: దుకాణంలో థండర్‌బర్డ్ వంటి మెయిల్ ప్రోగ్రాములో ఖాతాను పాప్3 (క్లుప్తంగా పాప్) అనే, మెయిల్ తెచ్చుకునే పద్ధతిలో పెట్టి ఉంటారు. పాప్ మెయిల్‌ను ఆ యంత్రంలోకి దించుకుంటుంది. ప్రతిని సర్వర్‌లో, అంటే మెయిల్ సంస్థ కంప్యూటర్‌లో, ఉంచమని మనం చెప్పకపోతే అక్కడిది తీసేస్తుంది. పంపిన మెయిళ్లతో, ఇతర ఫోల్డర్లతో దానికి సంబంధం లేదు కాబట్టి, ఫోన్ నుంచి ఇచ్చిన జవాబులు కూడా కంప్యూటర్‌లో కనిపించవు. ఐమ్యాప్ అనే మరో పద్ధతిలో అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, ప్రతి పరికరమూ దానినే చూపుతుంది. రెండు పరికరాలు వాడేవారికి ఐమ్యాప్ తప్ప మరొకటి నేను సూచించను.

పరిష్కారం: పాత ఖాతాను ముందే తొలగించకండి, ఎందుకంటే ఆ మెయిళ్లకు ఉన్న ఏకైక ప్రతి ఆ కంప్యూటర్‌లోనే ఉండవచ్చు. మొదట పాప్ ఖాతా సర్వర్ సెట్టింగులలో, మెయిళ్లను సర్వర్‌లో అలాగే ఉంచాలన్న గడిలో టిక్ పెట్టండి. థండర్‌బర్డ్ పాప్ ఖాతాను ఐమ్యాప్‌గా మార్చదు కాబట్టి అదే చిరునామాను ఐమ్యాప్ ఖాతాగా కొత్తగా చేర్చాలి. అక్కడ పోర్టు (సర్వర్‌తో కలిసే ద్వారం సంఖ్య) 993, భద్రత దగ్గర ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మెయిల్‌ను దారిలో ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతి) ఎంచుకోండి. తరువాత పాత ఇన్‌బాక్స్‌లోని మెయిళ్లను కొద్దికొద్దిగా ఎంచుకుని కొత్త ఖాతాలోని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే అవి సర్వర్‌కు చేరతాయి. ఫోన్‌లో వాటిని తెరిచి, జతచేసిన ఫైళ్లతో సహా సరిచూసుకున్నాకే పాప్ ఖాతాను తీసేయండి. జీమెయిల్ వాడేవారు ఈ పనికి దిగే ముందు 'ఆల్ మెయిల్'లో ఒకసారి వెతకడం మంచిది. పాప్ సెట్టింగును బట్టి మెయిల్ ఆర్కైవ్ అయి, అంటే ఇన్‌బాక్స్ నుంచి మాత్రమే తప్పుకుని, అక్కడ ఉండే అవకాశం ఉంది. ఉచిత ఖాతాలో డ్రైవ్, ఫోటోలతో కలిపి 15 జీబీ స్థలం మాత్రమే ఉంటుందన్నది కూడా గమనించాలి.

సమస్య: ఫోన్‌లో తొలగించిన మెయిల్ కంప్యూటర్‌లో కూడా పోయింది.
ఇది లోపం కాదు, ఐమ్యాప్ తీరే అది. జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజుల వరకు ఉంటుంది కాబట్టి వెంటనే అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోండి. ఐమ్యాప్‌ను బ్యాకప్‌గా భావించడం ప్రమాదం. ఇన్‌వాయిస్‌ల వంటివి కంప్యూటర్‌లోనే ఉండే లోకల్ ఫోల్డర్‌లోకి విడిగా కాపీ చేసుకోవాలి.

సమస్య: సిగ్నల్ లేని ఊళ్లో పాత మెయిళ్లు తెరుచుకోవడం లేదు.
ఏజెన్సీ గ్రామాలకు వెళ్లేవారు ఇందుకోసమని పాప్‌కు మారనక్కరలేదు. థండర్‌బర్డ్‌లో ఆ ఖాతా మెయిళ్లను కంప్యూటర్‌లో కూడా ఉంచుకునే ఏర్పాటు ఉంది; దానిని ఎంచుకుని, నెట్ ఉన్నప్పుడే పూర్తిగా దించుకోవాలి.

సమస్య: మెయిళ్లు వస్తున్నాయి, పంపితే మాత్రం వెళ్లడం లేదు.
పాప్, ఐమ్యాప్‌లలో ఏది మార్చినా ఇది తీరదు. పంపే పని ఎస్‌ఎంటీపీ అనే వేరే పద్ధతిది. మెయిల్ ప్రోగ్రాములోని ఎస్‌ఎంటీపీ సెట్టింగులలో పోర్టు 25 పెట్టి ఉంటే, మీ మెయిల్ సంస్థ చెప్పినదాన్ని బట్టి 587 లేదా 465కు మార్చి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పనిసరిగా అడిగేలా అమర్చండి.