పాత నలుపు తెలుపు కామిక్స్ చదివేవాళ్లకు ఒక చిట్కా

1970ల నాటి అమెరికన్ అండర్‌గ్రౌండ్ (పెద్ద కంపెనీలు కాకుండా చిన్న ప్రచురణకర్తలు, కళాకారులే వేసుకున్న) సైన్స్ ఫిక్షన్ కామిక్స్ చాలావరకు చవక న్యూస్‌ప్రింట్ మీదే, అంటే వార్తాపత్రికల కాగితం మీదే అచ్చయ్యాయి. పేజీ తిప్పగానే వెనకవైపు బొమ్మ ఇటు కనిపిస్తుంది. రాకెట్ పక్కన ఖాళీగా ఉండాల్సిన ఆకాశంలో ఎవరిదో ముఖం తేలుతుంటుంది. చుక్కలతో, సన్నటి అడ్డగీతలతో వేసిన నీడలైతే పూర్తిగా కలగాపులగం.

దీనికి నల్ల చార్ట్ చాలు. తిరుపతి గాంధీ రోడ్డు వైపు వెళ్లినప్పుడు స్టేషనరీ షాపులో మెరుపు లేని రకం అడిగి తీసుకోండి. 22 x 28 అంగుళాల చార్ట్‌లో 7 x 10 ముక్కలు ఎనిమిది వస్తాయి, ఒక పుస్తకానికి ఒక్కటి సరిపోతుంది. చదివే పేజీకి సరిగ్గా వెనక పెట్టండి, పేజీ తిప్పినప్పుడల్లా జరపండి. కాగితం కాస్త మసకగా అనిపిస్తుంది కానీ వెనక బొమ్మ దాదాపు మాయమవుతుంది. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడూ ఇదే పద్ధతి.

ఇలా పెట్టాక వెంటనే మాటలు చదవకండి. ముందు పుస్తకాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని నల్లటి భాగాలు ఎక్కడున్నాయో చూడండి. రంగుల్లేని ఈ కథల్లో అంతరిక్షం లోతు, గ్రహం మీద చీకటి, భయం అన్నీ ఆ నలుపుతోనే వస్తాయి. తర్వాత దగ్గరికి తెచ్చుకుని గీతలు చూడండి, గీసిన చేతి కష్టం అప్పుడు తెలుస్తుంది. నాకు ఈ బొమ్మల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

సిరా కాగితంలోకి ఇంకిపోయి అవతలికి దిగి ఉంటే మాత్రం ఈ చార్ట్ పనిచేయదు.