తాబేలు పెట్టెలో తేమ నిలవడం లేదా? ముందు తలెత్తి ఫ్యాన్ వైపు చూడండి

రెడ్‌ఫుట్ తాబేలు గానీ, సుల్కాటా తాబేలు పిల్ల గానీ పెంచేవాళ్లు నాకు ఫోన్ చేస్తే చెప్పే మాట దాదాపు ఒకటే. మొన్న రాత్రి ఇక్కడే తిరుపతిలో కొర్లగుంట నుంచి మా మేనల్లుడూ అదే అన్నాడు: "మామా, పొద్దున్నుంచి స్ప్రే కొడతానే ఉండా. కొట్టినప్పుడు ఎనభై చూపిస్తాది, అరగంటకే నలభై అయిదు. ఇంగేం చేసేది?"

"తేమ మీటరుకి ఉప్పు పరీక్ష చేసినావా?" అన్నాను. అవతల నుంచి సౌండు లేదు.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. మీ దగ్గరున్నది వీపు మీద పసుపు గీతల చుక్కలున్న మన నక్షత్ర తాబేలైతే ఈ పెట్టె గొడవ మీకు అక్కర్లేదు, అటవీ శాఖకు అప్పగించండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2022 సవరణతో అది ఎక్కువ రక్షణ ఉండే ఒకటో షెడ్యూలుకు ఎక్కింది కూడా. రెడ్‌ఫుట్, సుల్కాటా లాంటి విదేశీ జాతులకు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. ఇక సుల్కాటా పిల్ల అరచేతిలో ఇమిడింది కదా అని మురిసిపోయి కొన్నవాళ్లకు: అది 40 కిలోలు దాటి పెరుగుతుంది. అపార్టుమెంటులో ఉండేవాళ్లు ఇప్పుడే ఆలోచించుకోండి.

మీటరు చెప్పేది నిజమేనా?

అందరూ వదిలేసే పరీక్ష ఇదే. సీసా మూతలో కొంచెం ఉప్పు వేసి, నాలుగైదు నీటి చుక్కలు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ముద్దగా ఉండాలి. మూతనీ మీటరునీ ఒక జిప్ కవర్లో పెట్టి, గాలి పోకుండా మూసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దునకు అది 75% చూపాలి. ఎంత తక్కువ చూపిస్తే అంత కలుపుకోండి, ఎక్కువ చూపిస్తే తీసేయండి. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లను నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది.

మేనల్లుడిది పొద్దున 61 చూపించింది. అంటే వాడు 45 అని కంగారుపడుతున్న చోట నిజంగా 60 దాకా ఉంది. అది కూడా చాలదు, 70 నుంచి 80 మధ్య ఉండాలి. కానీ వాడు అనుకున్నంత ఘోరం కాదు.

మీటరుతో పాటు చెయ్యి కూడా వాడండి. పెట్టె అడుగున పరిచిన కోకోపీట్‌లోకి (కొబ్బరి పీచు పొడి) రెండు వేళ్లు దింపి చూడండి. పైన తడిసి, కింద పొడిపొడిగా ఉంటే మీరు కొట్టిన స్ప్రే అంతా గాలికి పోయినట్టే. తేమ స్ప్రేతో రాదు, కింది పొర నుంచి వస్తుంది. నాలుగు వేళ్ల మందాన కోకోపీట్ పరిచి, మూలల్లో చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోయండి. అడుగు తడుస్తుంది, తాబేలు నడిచే పైభాగం ఆరి ఉంటుంది.

స్ప్రే కొట్టగానే ఎక్కి, అరగంటలో పడిపోతుంటే

మీటరు సరిగ్గానే ఉంది, అడుగూ తడిగానే ఉంది, అయినా తేమ నిలవడం లేదంటే ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నన్ను రెండు నెలలు ఏడిపించింది ఇదే.

నా మొదటి పెట్టె పాత అక్వేరియం. పైన దోమల జాలీ మూత, జాలీ మీద 100 వాట్ల బల్బు. రోజుకి ఆరేడు సార్లు స్ప్రే. ఆఫీసుకి పోయేటప్పుడు మా ఆవిడకు బాధ్యత అప్పజెప్పి పోయేవాణ్ణి. తాబేలుకి నీళ్లు కొట్టడం తప్ప నాకింకో పని లేదా అని ఆమె అనడంలో తప్పేమీ లేదు. అయినా మీటరు 45 దగ్గరే.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గంటన్నర తర్వాత ఇంటికొచ్చి చూస్తే గ్లాసు లోపల ఆవిరి పట్టి ఉంది, మీటరు 82. ఆ పూట ఎవరూ ఒక్క చుక్క కూడా కొట్టలేదు. కరెంటు రాగానే ఇంకో అరగంటలో మళ్లీ 45కి దిగింది.

కరెంటుతో పాటు ఆగినవి రెండు: బల్బు, సీలింగ్ ఫ్యాన్. మరుసటి రోజు ఒక్కోటీ వేసి చూశాను. బల్బు ఒక్కటే ఉంటే తేమ మెల్లగా పడింది. ఫ్యాన్ కూడా వేస్తే జారిపోయింది.

జరుగుతున్నది ఇది. బల్బు కింద గాలి వేడెక్కి పైకి లేస్తుంది, జాలీ గుండా బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి గదిలోని పొడిగాలి వస్తుంది. అంటే మీ పెట్టె ఒక చిమ్నీ. పైన తిరిగే ఫ్యాన్, జాలీ మీద చేరిన తడి గాలిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. మన తిరుపతి ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఫ్యాన్ ఆగదు కదా. అందుకే వేరే ఊళ్ల వీడియోలు చూసి అచ్చం అలాగే కట్టుకున్న పెట్టె ఇక్కడ పనిచేయదు.

అనుమానంగా ఉంటే తాబేలును బయటికి తీసి, అగరుబత్తి వెలిగించి జాలీ మూత అంచు దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా పైకి లేవకుండా ఫ్యాన్ గాలికి పక్కకి చీలిపోతుంటే మీ తేమ కూడా ఆ దారినే పోతోంది. పరీక్ష అయ్యాక పొగ వాసన పూర్తిగా పోయేదాకా తాబేలును లోపల పెట్టొద్దు.

దీనికి మందు ఫ్యాన్ ఆపడం కాదు. మే నెలలో ఆపమంటే ఇంట్లో మనల్నే బయట పెడతారు. మూత మూసేయాలి. జాలీ తీసేసి పాలీకార్బొనేట్ షీటు కోయించి పెట్టండి, ఒక పక్క వేలు దూరేంత సందు చాలు. మేత పెట్టడానికి తలుపు తీసినప్పుడల్లా గాలి మారుతూనే ఉంటుంది. అయితే షీటు పైన బల్బు పెట్టకూడదు, కరుగుతుంది. వేడి పెట్టె లోపలే ఉండాలి: సిరామిక్ హీటరు, చుట్టూ తీగ పంజరం, వేడి ఎక్కువైతే దాన్ని ఆపడానికి కోడిగుడ్ల ఇంక్యుబేటర్లకు వాడే డిజిటల్ థర్మోస్టాట్. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబు కూడా లోపలికే రావాలి, ఎందుకంటే షీటు గానీ గ్లాసు గానీ అడ్డముంటే ఆ కిరణాలు తాబేలు దాకా చేరవు. కిటికీ అద్దం వెనక ఎండలో పెడితే చాలనుకునే వాళ్లకూ ఇదే జవాబు.

మూత మూసిన తర్వాత కూడా చాలామంది హీటరు కింద మీటరు పెట్టి 50 వచ్చిందని మళ్లీ స్ప్రే ఎత్తుకుంటారు. 27 డిగ్రీల దగ్గర 80% తేమ ఉన్న గాలినే 35 డిగ్రీలకు వేడి చేస్తే మీటరు 50 చూపుతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, వేడి గాలికి దాహం ఎక్కువ, అంతే. మీటరును తాబేలు వీపు ఎత్తులో, చల్లటి వైపు, అది దాక్కునే గూడు దగ్గర పెట్టండి. ఆ గూట్లో 80 ఉంటే హీటరు కింద ఎంతున్నా ఫరవాలేదు.

ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి

తేమ ఎక్కువై జలుబు చేసిందంటారు. కాదు, తేమతో పాటు చలి చేరింది. డిసెంబరు వానల్లో మన దగ్గర కూడా రాత్రి 20 డిగ్రీల కిందికి దిగుతుంది. ఏసీ బెడ్‌రూములో పెట్టె పెట్టారంటే ఏడాది పొడవునా డిసెంబరే. రాత్రి 25కి తగ్గకుండా చూడండి. వెలుతురు లేని సిరామిక్ హీటరు అందుకే. ఇన్వర్టరు లైన్‌లో అది ఉందో లేదో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి వేడినీళ్ల బాటిల్‌కి తువ్వాలు చుట్టి గూడు పక్కన పెడితే కాసేపు గడుస్తుంది.

బుడగలు వస్తున్నాయంటే ఇంట్లో ప్రయోగాలు చేయకండి. తిరుపతిలోనే వెటర్నరీ కాలేజీ ఉంది, తీసుకెళ్లండి. మనుషుల యాంటీబయాటిక్ పొడి చేసి మేతలో కలిపినవాళ్లను చూశాను.

వీపు గుట్టలు గుట్టలుగా లేస్తుంటే

కాల్షియం తక్కువైందనో, ప్రొటీన్ ఎక్కువైందనో అంటారు. 2003లో సుల్కాటా పిల్లల మీద వచ్చిన ఒక పరిశోధనలో పొడిగా పెరిగిన వాటికే గుట్టలు ఎక్కువ వచ్చాయి, ప్రొటీన్ ప్రభావం కొద్దిగానే కనిపించింది. లేచిన గుట్ట మళ్లీ అణగదు. కొత్తగా పెరిగే అంచులు నున్నగా వస్తున్నాయా అని చూసుకోండి, అదే మీ మార్కుల షీటు.

బూజు, వాసన, పొట్ట పెంకు మెత్తబడటం

పైపొర ఎప్పుడూ తడిగా ఉంది. స్ప్రే మానేసి మూలల్లో నీళ్లు పోయడం మొదలుపెట్టండి, పైన ఎండిన మామిడాకులు పరచండి. మెత్తబడిన చోట చెడు వాసన ఉంటే అదీ డాక్టరు పనే.

మిగతావి

థర్మోస్టాట్ ప్రోబు (వేడి కొలిచే తీగ) చెడిపోవడం, హీటరు వాట్లు చాలకపోవడం, కోకోపీట్‌లో లోపం, ఇవన్నీ అరుదు. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి. ఒక్క హోల్డరు మాత్రం ఈ రోజే చూడండి. సిరామిక్ హీటర్లకు మర ఉంటుంది, మన ఇళ్ల హోల్డర్లు పిన్ను రకం. మధ్యలో ప్లాస్టిక్ అడాప్టరు పెట్టి తగిలిస్తారు, వారంలో అది గోధుమ రంగుకు తిరిగి వంగుతుంది. పింగాణీ హోల్డరు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది.