గులాబీ మొదళ్ళు కుళ్ళకుండా మల్చింగ్: నా అనుభవం

ఏప్రిల్ ఎండలకు హైదరాబాద్ సైనిక్‌పురిలో మా మల్లె, గులాబీ మడులు పొద్దున తడిపితే సాయంత్రానికే బీటలు వారేవి. దగ్గరి నర్సరీ నుంచి ఒక తోటమాలిని పిలిచి మల్చింగ్, అంటే తడి ఆరిపోకుండా మొక్కల చుట్టూ నేలను ఆకులు, గడ్డితో కప్పడం, చేయించాను. అతను ఎండుటాకులు, వరిగడ్డి కాండాల చుట్టూ గుట్టలా పోసి వెళ్ళాడు. పది రోజులకు రెండు గులాబీల మొదళ్ళు మెత్తబడ్డాయి. ప్రాణం ఉసూరుమంది.

మళ్ళీ అతన్నే పిలిచి, ఈసారి పక్కన నిలబడి చేయించాను. ముందు కలుపు తీసి, మట్టిని లోపలిదాకా తడపాలి. పొడి నేల మీద కప్పితే పైన పోసిన నీళ్ళు చాలావరకు గడ్డే పీల్చేస్తుంది. 2, 3 అంగుళాల మందం చాలు. కాండం చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ తప్పనిసరి. కూలి మాట్లాడేటప్పుడే ఏం వేస్తారో, ఎంత మందం వేస్తారో అడగండి. గింజలున్న గడ్డి మాత్రం వద్దనండి, అన్నీ మొలుస్తాయి.

ఇప్పుడు రోజు విడిచి రోజు నీళ్ళు పెడితే సరిపోతోంది. మల్లె మొగ్గ తొడిగింది.