జిల్లా వాద్య కళాకారుల డైరెక్టరీ: వెబ్‌సైటు కన్నా ముందు షీటు

సన్నాయి, డోలు, డప్పు, ఒగ్గు, మృదంగం, తబలా కళాకారుల వివరాలు ఒక్కచోట దొరికేలా డైరెక్టరీ పెట్టాలనుకునే స్వచ్ఛంద సంస్థలు చాలాసార్లు ముందు వెబ్‌సైటు డిజైనుకు డబ్బు పెడతాయి. అది చివరి పని. ముందుగా గూగుల్ షీట్‌లో ఒకే మండలం నుంచి 30 మంది వివరాలు ఎక్కించి, అందులోనే వెతికి చూడండి. ఏ కాలమ్ పనికిరాదో, ఏది తక్కువైందో అక్కడే బయటపడుతుంది.

ఉండాల్సినవి: పేరు, బృందం పేరు, వాద్యం, బృందంలో ఎంతమంది, ఊరు, మండలం, జిల్లా, ఫోన్, ఆ ఫోన్ ఎవరిది, ఎంత దూరం వస్తారు, వినడానికి లింకు, సమ్మతి తేదీ, చివరిసారి సరిచూసిన తేదీ. ‘ఫోన్ ఎవరిది’ అన్నది వదలొద్దు. పెద్ద వయసు కళాకారుల్లో చాలామంది కొడుకు నంబరో మనవడి నంబరో ఇస్తారు. ఆ సంగతి తెలియనివాళ్లు రాంగ్ నంబర్ అనుకుని పెట్టేస్తారు. కులం కాలమ్ అసలు వద్దు. ఒక్కో కళారూపం ఒక్కో కులంతో ముడిపడి ఉన్న చోట అది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. రేటు కూడా రాయకండి. ముహూర్తాన్ని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. పాత రేటు కనబడితే బేరంలో నష్టపోయేది కళాకారుడే.

తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. జగిత్యాల జిల్లాలో ఉన్నవారు కూడా అలవాటుగా కరీంనగర్ అంటారు. అందుకే పాత జిల్లాకు వేరే కాలమ్ ఇవ్వండి.

వాద్యం పేరు టైప్ చేయనివ్వొద్దు, జాబితాలోంచి ఎంచుకోనివ్వండి. లేకపోతే నాదస్వరం, నాగస్వరం, సన్నాయి అని మూడు రకాలుగా పడి, ఒకటి వెతికితే మిగతావి రావు. జాబితాలో ఒకే పేరు ఉంచి, మిగతా పేర్లను పక్క కాలమ్‌లో పెట్టి వెతుకులాటకు కలపండి. తెలుగులో ఇంకో చిక్కుంది: ‘బ్యాండ్‌మేళం’ లాంటి మాటల మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి దూరుతుంది. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. వెతికే మాటలోనూ షీటులోనూ దాన్ని తీసేసి పోల్చాలని డెవలపర్‌కు ముందే చెప్పండి.

వివరాలు కళాకారులే నింపుతారని గూగుల్ ఫారం పంపి కూర్చోవద్దు. ఫారంలో ఫైలు జత చేయాలంటే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు. వాలంటీరు ఇంటికి వెళ్లాలి, ఒక్కొక్కరికి 20 నిమిషాలు కేటాయించాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక సన్నాయి, డోలు వాళ్లు తీరిగ్గా దొరుకుతారు. తెలంగాణలో అదే నెలలో బోనాలు, కాబట్టి డప్పు బృందాల దగ్గరికి అప్పుడు వెళ్లకండి.

రికార్డింగు 45 సెకన్లు చాలు. డప్పుకు, డోలుకు ఫోన్ కనీసం రెండు మీటర్ల దూరంలో పెట్టండి. దగ్గరగా పెడితే మైకు తట్టుకోలేక శబ్దం పగిలిపోతుంది. వీడియోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపించుకోండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది.

సమ్మతి తెలుగులో చదివి వినిపించి తీసుకోండి: ఏం కనబడుతుంది, ఎవరు చూస్తారు, తీసేయమంటే ఎవరికి ఫోన్ చేయాలి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది; 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఫోన్ నంబరు చూపొద్దన్నవారికి సంస్థ నంబరు పెట్టి, వచ్చిన కాల్ కబురు అందించండి. షీటులో కాలమ్ దాచిపెట్టి లింకు పంచడం రక్షణ కాదు: కాపీ చేసుకున్నవారు దాన్ని తెరవగలరు. బయటికి వెళ్లే వివరాలకు వేరే ఫైలు ఉండాలి.

ఆరు నెలలకోసారి ప్రతి నంబరుకూ ఫోన్ చేయండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేసినా దొరకకపోతే పేరు తుడిచేయకుండా పేజీలో కనబడకుండా ఉంచి, అదే ఊళ్లోని మరో కళాకారుణ్ని అడగండి. కొత్త నంబరు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.