సోఫా వెనక పట్టే సన్నని సబ్‌వూఫర్: బాక్స్ కట్టడం నుంచి ట్యూనింగ్ దాకా

తిరుపతిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంటే హాల్ మామూలుగా పదహారు అడుగులకు పదకొండో పన్నెండో ఉంటుంది. సోఫా, టీవీ యూనిట్, మూలన దివాన్ కాట్ వేశాక మిగిలిన చోటులో అడుగున్నర ఎత్తు, అంతే వెడల్పు, అంతే లోతు ఉన్న నల్ల పెట్టె పెడతానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం న్యాయమే కూడా. కానీ సోఫాను కాస్త ముందుకు జరిపితే గోడకూ దానికీ మధ్య ఏడెనిమిది అంగుళాల సందు ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. ఆ సందులో నిలబడే సబ్‌వూఫర్‌ను (బేస్ మాత్రమే పలికే స్పీకర్‌ను) ఎలా కట్టుకోవాలో, కట్టాక ఎలా ట్యూన్ చేయాలో చెప్తాను. కొంచెం లెక్కలు ఉంటాయి, టెన్షన్ పడొద్దు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ముందు ఒకటి ఒప్పుకుని మొదలుపెట్టాలి. చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ పవర్‌తో పెద్ద సౌండ్, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. దీన్ని హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు (కేఎల్‌హెచ్ అనే పాత స్పీకర్ కంపెనీ పేరులో చివరి అక్షరం ఆయనదే). సన్నని బాక్స్ ఎంచుకున్నామంటే పవర్ ఎక్కువ పెట్టాలి, అట్టడుగు బేస్‌లో కొంత వదులుకోవాలి. దానికి బదులుగా వచ్చేది మాత్రం చిన్నది కాదు: పెద్ద బాక్స్ పట్టని చోట ఇది పడుతుంది. బేస్ విషయంలో బాక్స్ ఖరీదు కన్నా బాక్స్ పెట్టిన చోటు ఎక్కువ పని చేస్తుంది కాబట్టి, సరైన చోట పెట్టిన సన్న సబ్‌వూఫర్ తప్పు చోట పెట్టిన పెద్దదాని కన్నా బాగా వినిపిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

డ్రైవర్, అంటే బాక్స్‌లో బిగించే కోన్, మాగ్నెట్ ఉన్న స్పీకర్ కోసం కారు ఆడియో వైపు చూడండి. సీటు కింద, డోర్ వెనక పెట్టడానికి చేసిన షాలో మౌంట్ (లోతు తక్కువ ఉండే) డ్రైవర్లు మనకు సరిగ్గా సరిపోతాయి, ఇక్కడి షాపుల్లో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ దాకా ఒకసారి పోయి రావచ్చు, లేదంటే ఆన్‌లైన్ ఉండనే ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో ఆంప్లిఫయర్‌తో కలిపి అమ్మే అండర్ సీట్ మోడల్స్ మాత్రం వద్దు, వాటికి 12 వోల్టుల సప్లై కావాలి, పైగా లోతుకు దిగవు. పెట్టె మీద రాసిన వాట్లు చూసి కొనకండి. డేటా షీట్‌లో నాలుగు అంకెలు చూడండి: ఎఫ్ఎస్ (డ్రైవర్ తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ మోత ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (కోన్ సస్పెన్షన్ ఎంత మెత్తనో లీటర్లలో చెప్పే అంకె), ఎక్స్‌మ్యాక్స్. ఇవి ఇవ్వని డ్రైవర్‌ను ఎంత చవకైనా పక్కన పెట్టేయండి, ఎందుకంటే దానికి బాక్స్ సైజు లెక్క కట్టే దారే లేదు.

ఎక్స్‌మ్యాక్స్ అంటే కోన్ ఒక వైపుకు ఎంత దూరం శుభ్రంగా కదలగలదో ఆ కొలత. ఒకే సౌండ్ లెవెల్‌లో 60 హెర్ట్జ్ నుంచి 30 హెర్ట్జ్‌కు దిగాలంటే కోన్ నాలుగింతల దూరం కదలాలి. పది అంగుళాల డ్రైవర్ కోన్ వైశాల్యం 330 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 8 మి.మీ. అనుకుందాం. బాక్స్‌ను బయట నేల మీద పెట్టి మీటరు దూరంలో కొలిస్తే 40 హెర్ట్జ్ దగ్గర గరిష్ఠంగా 101 డెసిబెల్స్, 30 దగ్గర 96, 20 దగ్గర 89 మాత్రమే వస్తాయి. ఇది గాలిని తోసే లెక్క, ఆంప్లిఫయర్ మార్చినా మారదు. గదిలో గోడల వల్ల ఇంకొంత కలుస్తుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్, కాబట్టి పాటలకు ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. సినిమాలో బాంబు పేలితే సోఫా కదలాలి అనుకునేవాళ్లు ఇలాంటివి రెండు కట్టుకోవాలి.

ఇక బాక్స్. నేను సిఫార్సు చేసే బయటి కొలతలు 550 మి.మీ. ఎత్తు, 450 వెడల్పు, 130 మందం. 18 మి.మీ. ప్లైవుడ్ వాడితే లోపల 514, 414, 94 మిగులుతాయి, గుణిస్తే 20 లీటర్లు. డ్రైవర్‌కూ లోపలి దిమ్మెలకూ రెండు లీటర్లు తీసేస్తే 18. ఇప్పుడు వీఏఎస్‌ను 18తో భాగించి, దానికి ఒకటి కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణించండి. వచ్చేది క్యూటీసీ, అంటే బాక్స్‌లో పెట్టాక డ్రైవర్ స్వభావం. ఉదాహరణకు ఎఫ్ఎస్ 30, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 30 లీటర్లు ఉన్న డ్రైవర్‌కు 0.73 వస్తుంది. 0.7 దగ్గర ఉంటే బేస్ సమంగా ఉంటుంది, 1 దాటితే గుమ్ముమని ఒకే స్వరం మోగుతున్నట్టు ఉంటుంది. అదే నిష్పత్తిలో ఎఫ్ఎస్ కూడా పెరిగి 49 హెర్ట్జ్ అవుతుంది, అక్కడి నుంచి కిందికి అష్టకానికి (అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. ఈ లెక్కంతా విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది గానీ, ఒకసారి చేత్తో చేస్తే ఏది మారిస్తే ఏమవుతుందో అర్థమవుతుంది.

పోర్ట్ (బాక్స్‌లోంచి గాలి ఆడే పైపు) పెడితే బేస్ పెరుగుతుంది కదా అని అడుగుతారు. పెరుగుతుంది, కానీ ఈ 18 లీటర్లను 30 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు దాదాపు 1.4 మీటర్ల పొడవు కావాలి. 94 మి.మీ. లోతున్న పెట్టెలో అది దూరనే దూరదు. సన్నని పైపు పెడితే గాలి బుసకొడుతుంది. సీల్డ్ (గాలి చొరకుండా మూసేసిన) బాక్సే కట్టండి.

డ్రైవర్ లోతు కూడా ముందే కొలుచుకోవాలి. ముందు పలక మందం 18, లోపలి ఖాళీ 94, మొత్తం 112. మౌంటింగ్ డెప్త్ 85 ఉన్న డ్రైవర్ బిగిస్తే మాగ్నెట్ వెనక 27 మి.మీ. మిగులుతుంది. మాగ్నెట్ మధ్యలో గాలి రంధ్రం ఉన్న డ్రైవర్లకు ఆ మాత్రం సందు తప్పనిసరి.

ఎండీఎఫ్ కోయడానికి సులువే గానీ నవంబర్, డిసెంబర్ వానల్లో చెమ్మ పట్టే గోడ పక్కన పెట్టే వస్తువుకు అది వద్దు, అంచులు ఉబ్బుతాయి. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి. కొలతలు రాసిస్తే కోసి ఇచ్చే షాపుల్లోనే కొంటే పని సగం తగ్గుతుంది, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీల్లో వస్తాయి. సన్నని బాక్స్‌కు అసలు ప్రమాదం ముందు, వెనక పలకలు. అంత వెడల్పాటి పలక డప్పు చర్మంలా ఊగుతుంది, ఆ ఊగడమే చెడ్డ సౌండ్. అదృష్టం ఏమిటంటే లోతు తక్కువ కాబట్టి రెండు పలకలనూ కలుపుతూ 94 మి.మీ. పొడవున్న చెక్క దిమ్మెలు ఫెవికాల్‌తో నిలబెట్టడం చాలా సులువు. డ్రైవర్ చుట్టూ నాలుగు, కింది ఖాళీలో రెండు పెట్టండి. ఇది వదిలేసి పాలిష్ మీద డబ్బు పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

లోపలి అతుకులన్నిటికీ ఫెవికాల్ ధారగా పోయండి, వైర్ బయటికి వచ్చే రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేయండి, డ్రైవర్ అంచు కింద ఫోమ్ టేప్ అంటించండి. దిండ్లు కుట్టే షాపులో దొరికే రెక్రాన్ పీచును మాగ్నెట్ రంధ్రానికి అడ్డం రాకుండా వదులుగా నింపితే బాక్స్ ఓ పది శాతం పెద్దదైనట్టు పని చేస్తుంది. డ్రైవర్ బిగించాక 30 హెర్ట్జ్ టోన్ మెల్లగా ప్లే చేసి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట తిప్పండి. పొగ ఎక్కడ అదిరితే అక్కడ లీక్ ఉన్నట్టే.

ఆంప్లిఫయర్‌ను బాక్స్ లోపల పెట్టొద్దు. లోపల చోటు లేదు, ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు గదే కొలిమిలా ఉంటుంది, మూసేసిన పెట్టెలో వేడి పోయే దారి ఉండదు. టీవీ యూనిట్‌లో గాలి ఆడే చోట విడిగా పెట్టండి. టీపీఏ3255 చిప్ ఉన్న క్లాస్ డీ ఆంప్లిఫయర్ బోర్డు, 36 వోల్టుల మంచి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉంటే 4 ఓమ్‌ల డ్రైవర్‌కు ఒక ఛానల్‌లోనే వంద వాట్లకు పైగా వస్తుంది, ఒక సబ్‌వూఫర్‌కు అది చాలు. దాని ముందు చిన్న డీఎస్పీ బోర్డు (సౌండ్‌ను డిజిటల్‌గా సర్దే సర్క్యూట్) ఒకటి పెట్టుకోండి, తర్వాత ట్యూనింగ్ మొత్తం అందులోనే. ఆన్ చేయగానే బుయ్ మని హమ్ వస్తే ముందు సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ వైర్ పీకి చూడండి, చాలాసార్లు గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసి హమ్ పుట్టించడం) అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని, చోటు వెతకడం. 172ను గది పొడవుతో (మీటర్లలో) భాగిస్తే ఆ గది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎక్కువగా మోగుతుందో తెలుస్తుంది. పదహారు అడుగులంటే 4.88 మీటర్లు, అంటే 35 హెర్ట్జ్. పదకొండు అడుగుల వైపు 51. మనవి ఇటుక గోడలు, పైన స్లాబు, మన వైపు చాలా ఇళ్లలో కింద గ్రానైట్, అంతా గట్టి ఉపరితలాలే కాబట్టి ఈ మోత ఇంకా బలంగా ఉంటుంది. గోడల దగ్గర ఈ స్వరాలు పెద్దగా వినిపిస్తాయి, గది మధ్యలో దాదాపు మాయమవుతాయి. అందుకే బాక్స్‌ను గోడకు సరిగ్గా మధ్యలో పెడితే ఆ గోడ పొడవుకు సంబంధించిన మొదటి మోత లేవదు. పెద్ద బాక్స్‌ను అలా నడుమ పెడితే నడిచేవాళ్లకు అడ్డం, మన సన్న బాక్స్ సోఫా వెనక హాయిగా నిలబడుతుంది.

దానికన్నా నమ్మకమైన పద్ధతి: సబ్‌వూఫర్‌ను ఎత్తి మీరు కూర్చునే చోట సోఫా మీదే పెట్టండి, బేస్ గిటార్ పైకీ కిందికీ తిరిగే పాట ఒకటి పెట్టి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ నేల ఎత్తులో వినండి. ఏ చోట అన్ని స్వరాలూ ఒకే బలంతో వినిపిస్తాయో అక్కడ బాక్స్ పెట్టాలి. డ్రైవర్ సోఫా వీపు వైపు తిరిగి ఉంటే మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు వదలండి, కోన్ తోసిన గాలి బయటికి రావాలి కదా. దివాన్ కాట్ కింద పడుకోబెట్టి డ్రైవర్‌ను నేల వైపు తిప్పినా పర్వాలేదు, 30 హెర్ట్జ్ ఎఫ్ఎస్ ఉన్న కోన్ తన బరువుకు పావు మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ జారుతుంది అంతే. కాళ్లు మాత్రం అదే 5 సెంటీమీటర్లు ఉండాలి.

ట్యూనింగ్‌కు రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైక్ ఉంటే మంచిది, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా సరే. మైక్‌ను చెవి ఎత్తులో పెట్టి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ చేయండి, అంటే కింది నుంచి పైకి జారే టోన్ ప్లే చేసి కొలవండి. గీతలో గుట్టలు, గుంటలు కనిపిస్తాయి. గుట్టలను డీఎస్పీలో కోసేయండి. గుంటలను పూడ్చాలని చూడకండి, అవి ప్రతిధ్వని ఎదురొచ్చి కొట్టేసుకున్న చోట్లు, ఎంత పవర్ పోసినా నిండవు, కోన్ మాత్రం అలిసిపోతుంది. గుంట మరీ పెద్దదైతే బాక్స్‌నో సోఫానో ఒక అడుగు జరపడమే మందు.

తర్వాత అడుగు బేస్‌ను కొంచెం పైకి లేపొచ్చు. లింక్‌విట్జ్ ట్రాన్స్‌ఫామ్ అనే ఫిల్టర్‌తో 49 హెర్ట్జ్ కటాఫ్‌ను (బేస్ పడిపోవడం మొదలయ్యే చోటును) 38కి దింపితే నాలుగున్నర డెసిబెల్స్ అదనం, పవర్ దాదాపు మూడింతలు. 30కి దింపితే ఎనిమిదిన్నర డెసిబెల్స్, పవర్ ఏడింతలు. నా మాట వింటే 38 దగ్గర ఆగండి, మిగతాది గది ఇస్తుంది. 25 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టడం మరిచిపోవద్దు.

క్రాసోవర్ (సబ్‌వూఫర్‌కూ ముందు స్పీకర్లకూ శబ్దాన్ని పంచే ఫ్రీక్వెన్సీ) 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి, అష్టకానికి 24 డెసిబెల్స్ వాలు. అంతకన్నా కింద శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. మీ ముందు స్పీకర్లు మరీ చిన్నవై 120 దాకా ఎక్కించాల్సి వస్తే బాక్స్‌ను సోఫా వెనక కాకుండా టీవీ వైపుకు మార్చాలి, లేకపోతే మగ గొంతులు వీపు వెనక నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఫేజ్ (సబ్‌వూఫర్, ముందు స్పీకర్ల కోన్లు ఒకే దిశలో కదులుతున్నాయా అన్నది) కోసం 80 హెర్ట్జ్ టోన్ పెట్టి 0, 180 మార్చి చూడండి, ఏది పెద్దగా వినిపిస్తే అది ఉంచండి. సోఫా వెనక ఉన్న బాక్స్ మీకు దగ్గర కాబట్టి డీఎస్పీలో దానికి ఆలస్యం ఇవ్వాలి, మీటరు తేడాకు 2.9 మిల్లీసెకన్లు. ఈ ఒక్క సర్దుబాటుతో మృదంగం ఎడమ వైపు దెబ్బ కుడి వైపు దెబ్బతో కలిసి ఒకే చోట నుంచి పలుకుతుంది, అది విన్నాక మళ్లీ పాత పద్ధతికి పోలేరు.

చివరగా 25 నుంచి 100 హెర్ట్జ్ దాకా చాలా నెమ్మదిగా టోన్ నడుపుతూ హాలంతా తిరగండి. షోకేస్ అద్దం, గోడకున్న దేవుడి పటాలు, బీరువా తలుపు, వంటింటి స్టాండులో స్టీలు గ్లాసులు, ఒక్కోటి ఒక్కో దగ్గర గిలగిలమంటాయి. పటాల వెనక ఫెల్ట్ ముక్కలు అంటించండి, గ్లాసుల కింద గుడ్డ పరవండి. బాక్స్ కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే నేలలోకి పోయే అదురు తగ్గుతుంది గానీ గాలిలో పోయే బేస్ ఆగదు, కాబట్టి రాత్రి పదికి బేస్‌ను ఆరు డెసిబెల్స్ తగ్గించే ఇంకో ప్రీసెట్ డీఎస్పీలో పెట్టుకుని, కింది ఫ్లోర్ వాళ్లింట్లో నిలబడి ఒకసారి విని చూడండి. నెల తర్వాత డ్రైవర్ స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త ప్లైవుడ్‌లో అవి కొంచెం వదులవుతాయి.