సముద్రయుద్ధం చిత్రం ముందు నిలబడితే మొదట గాలిని వెతకండి

తెరచాప ఓడల కాలం నాటి యుద్ధచిత్రం కనిపించగానే మన కళ్లు నేరుగా మంట దగ్గరికో, విరిగి పడుతున్న తెరచాప స్తంభం దగ్గరికో వెళ్లిపోతాయి. చిత్రకారుడు కోరుకున్నదీ అదే. కానీ అక్కడే ఆగిపోతే అర నిమిషంలో చూడడం అయిపోతుంది. ఓడలు, పొగ, మళ్లీ ఓడలు, అంతే. నేను చాలాకాలం అలాగే చూశాను, ఏ యుద్ధమైనా ఒక్కలాగే ఉండేది. ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడడం అలవాటయ్యాకే ఎవరు ఎవరి మీదికి వెళ్తున్నారో, ఎవరు చిక్కుకుపోయారో అర్థం కావడం మొదలైంది.

గాలిని జెండాల్లో చూడండి. ఇక్కడ అందరూ ఒకచోట తడబడతారు. ఇంజన్ ఓడలు చూసి చూసి, జెండా ఎప్పుడూ ఓడ వెనక్కి ఎగరాలనిపిస్తుంది. తెరచాప ఓడని నడిపేదే గాలి కదా, ఆ గాలి వెనక నుంచి వస్తుంటే జెండా ముందుకి, అంటే ఓడ వెళ్తున్న వైపే ఎగురుతుంది. 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరంలో ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ సేనాని నెల్సన్ రెండు వరసలుగా శత్రువు మీదికి, అంటే ఫ్రెంచ్, స్పానిష్ ఓడల మీదికి వెళ్లినప్పుడు గాలి పడమటి వైపు నుంచి, ఆయన ఓడల వెనక నుంచే వస్తోంది, కాబట్టి ఆ ఉదయాన్ని వేసిన చిత్రంలో జెండాలు శత్రువు వైపు చూపిస్తుంటే అది తప్పు కాదు, సరిగ్గా ఉన్నట్టు. జెండాలు చూశాక పొగ చూడండి. రెండూ ఒకే వైపు పోవాలి. జెండా కుడికి, పొగ ఎడమకి పోతుంటే చిత్రకారుడు అందం కోసం గాలిని మార్చేశాడన్నమాట.

దిక్కు తెలిసింది కాబట్టి ఇప్పుడు ఓడల్ని చూడండి. అడ్డ తెరచాపలున్న ఆ పెద్ద యుద్ధనౌకలు గాలి వచ్చే దిక్కుకి దాదాపు 67 డిగ్రీల కన్నా దగ్గరగా ప్రయాణించలేవు. అందుకే గాలికి ఎగువన, అంటే గాలి వచ్చే వైపు ఎవరున్నారు, దిగువన, అంటే గాలి పోయే వైపు ఎవరున్నారు అన్నది పెద్ద విషయం. ఎగువన ఉన్నవాళ్లే ఎప్పుడు మీద పడాలో నిర్ణయిస్తారు, వాళ్ల ఫిరంగుల పొగ కూడా ఎదుటివాళ్ల మీదికే పోతుంది. అలాగని అన్నీ లాభాలే కాదు: గాలి బలంగా ఉంటే వాళ్ల ఓడ శత్రువు వైపుకే ఒరుగుతుంది, అప్పుడు కింది అంతస్తు ఫిరంగి కిటికీల్లోకి నీళ్లు వచ్చే ప్రమాదం ఉండి వాటిని మూసేయాల్సి వస్తుంది. ఆ అంతస్తులోనే అన్నిటికన్నా బరువైన ఫిరంగులు ఉండేవి. చిత్రంలో కింది వరస కిటికీలు మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా అని ఒకసారి జూమ్ చేసి చూడండి, మంచి చిత్రకారుడైతే అది కూడా ఆలోచించే వేసి ఉంటాడు. అలాగే యుద్ధంలో ఉన్న ఓడకి అన్నిటికన్నా కిందుండే పెద్ద తెరచాపలు పైకి ముడిచి ఉండడం మామూలే. నిప్పు అంటుకుంటుందని, చూపుకి అడ్డొస్తాయని అలా ముడిచేవారు.

జెండాల రంగుల గురించి ఎంతైనా రాయొచ్చు, మొదలుపెట్టేవాళ్లకి మూడు నాలుగు విషయాలు చాలు. ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు అడ్డంగా ఉంటే డచ్, నిలువుగా ఉంటే ఫ్రెంచ్. విప్లవానికి ముందు ఫ్రెంచ్ నౌకాదళానిది తెల్ల జెండా. స్పెయిన్ ఎరుపు పసుపు జెండా 1785 నుంచి వచ్చింది. బ్రిటిష్ యూనియన్ జెండాలో ఎర్రటి ఐమూల గీతలు 1801లో చేరాయి కాబట్టి, 1798 నైలు యుద్ధం చిత్రంలో అవి కనిపిస్తే చిత్రకారుడు తన కాలపు జెండా చూసి వేశాడని అర్థం. సేనాని ఎక్కడున్నాడో తెలియాలంటే స్తంభాల కొనలు చూడండి. బ్రిటిష్ పద్ధతిలో అడ్మిరల్ జెండా మధ్య స్తంభం మీద, వైస్ అడ్మిరల్‌ది ముందు స్తంభం మీద, రియర్ అడ్మిరల్‌ది వెనక స్తంభం మీద ఎగిరేవి. ఒకే కొయ్య మీద ఒక దేశం జెండా పైన, ఇంకో దేశం జెండా కింద ఉంటే ఆ ఓడ పట్టుబడిపోయినట్టే.

ఇప్పటిదాకా చెప్పింది చిత్రంలో కనిపించేది. తర్వాత అడగాల్సిన ప్రశ్న, చిత్రకారుడు ఆ రోజు ఎక్కడున్నాడని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. డచ్ చిత్రకారుడు విల్లెమ్ వాన్ డి వెల్డె, తండ్రీ కొడుకులిద్దరిదీ అదే పేరు, అందులో తండ్రి చిన్న పడవలో యుద్ధం మధ్యకే వెళ్లి బొమ్మలు గీసుకునేవాడు. 1653 టెర్‌హైడె యుద్ధం మీద ఆయన నల్ల సిరాతో గీసిన పెద్ద చిత్రం ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది, అందులో ముందున్న చిన్న పడవలో కాగితం పట్టుకుని కూర్చున్నది ఆయనే. తర్వాత తండ్రీకొడుకులు ఇంగ్లండ్ వెళ్లిపోయారు. 1674లో రెండో ఛార్లెస్ రాజు ఇద్దరికీ ఏడాదికి చెరో 100 పౌండ్లు ఇచ్చాడు, తండ్రి సముద్రయుద్ధాలు గీయడానికి, కొడుకు వాటికి రంగులు వేయడానికి.

చూడనివాళ్ల కథ వేరే. 1770లో రష్యన్లు చెస్మె దగ్గర టర్కీ నౌకాదళాన్ని తగలబెట్టాక ఆ చిత్రాలు వేసే పని హాకర్ట్ అనే జర్మన్ చిత్రకారుడికి వచ్చింది. ఓడ పేలితే ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. దాంతో రష్యన్ సేనాని ఓర్లోవ్ 1772లో ఇటలీలోని లివోర్నో తీరంలో, కేవలం హాకర్ట్ చూడడానికి, నిజమైన యుద్ధనౌకనే పేల్చి చూపించాడు! అది తెలిశాక ఆ చిత్రంలో ఎగిరే చెక్కలని మామూలుగా చూడలేం.

ఈ తేడా స్వయంగా పట్టుకోవాలంటే ఒకే యుద్ధాన్ని ఇద్దరు వేసినవి పక్కపక్కన పెట్టుకోండి. 1794 జూన్ 1న బ్రిటిష్, ఫ్రెంచ్ నౌకాదళాల మధ్య జరిగిన యుద్ధం దీనికి సరిగ్గా సరిపోతుంది. నికోలస్ పోకాక్ బ్రిస్టల్‌కి చెందిన వ్యాపార ఓడల కెప్టెన్‌గా పనిచేసిన చిత్రకారుడు, ఆ రోజు 'పెగసస్' అనే ఓడ మీద నుంచి చూస్తూ గీసుకున్నాడు. లౌథర్‌బర్గ్ లండన్ నాటకశాలలో రంగస్థల దృశ్యాలు తయారుచేసినవాడు, ఏడాది తర్వాత వేసిన తన పెద్ద చిత్రంలో బ్రిటిష్ ఓడ 'క్వీన్ షార్లెట్', ఫ్రెంచ్ ఓడ 'మొంటాన్' ఎదురెదురుగా ఆనుకుని కాల్చుకుంటున్నట్టు పెట్టాడు. నిజానికి 'క్వీన్ షార్లెట్' ఆ చోటికి చేరుకోలేకపోయింది, అందుకే నావికులకి ఆ చిత్రం నచ్చలేదు. అయినా నీళ్లలో కొట్టుకుంటున్న మనుషుల్ని మాత్రం లౌథర్‌బర్గ్ చాలా గొప్పగా వేశాడు, అది ఒప్పుకోవాలి.

బ్రిటిష్ చిత్రకారుడు టర్నర్ దగ్గరికి వచ్చేసరికి సమయం కూడా లెక్క చూసుకోవాలి. నాలుగో జార్జ్ రాజు కోసం ఆయన 1822 నుంచి 1824 వరకు వేసిన ట్రఫాల్గర్ చిత్రం వెడల్పు మూడున్నర మీటర్ల పైనే, ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉంది. అందులో నెల్సన్ మధ్యాహ్నానికి కాస్త ముందు ఎగరేసిన సంకేత జెండాలున్నాయి, ఆ తర్వాత కూలిన స్తంభం ఉంది, సాయంత్రం వైపు తగలబడిన ఫ్రెంచ్ ఓడ 'అషీల్' ఉంది, మర్నాడు మునిగిన ఇంకో ఫ్రెంచ్ ఓడ 'రెడౌటబుల్' ముందు భాగంలో మునుగుతోంది. యుద్ధంలో ఉన్నవాళ్లకి కోపం వచ్చిందంటే రాదా మరి. దాన్ని ఒక్క క్షణంగా కాకుండా రెండు రోజుల యుద్ధాన్ని ఒకే గుడ్డ మీద చెప్పడంగా చూస్తే ఎంతో బాగుంటుంది.

చిత్రం కింద రాసిన పేరుని కూడా సరిచూసుకోండి. ఓగుస్త్ మాయెర్ 1836లో వేసిన ట్రఫాల్గర్ చిత్రం చాలాచోట్ల 'బ్యుసెంటార్', 'శాండ్‌విచ్' ఓడల పోరుగా కనిపిస్తుంది. ఆ రోజు నెల్సన్ దగ్గరున్న 27 పెద్ద యుద్ధనౌకల్లో 'శాండ్‌విచ్' అనే ఓడే లేదు.

మొదటి ప్రయత్నానికి రైక్స్ మ్యూజియం సైట్ నుంచి వాన్ డి వెల్డె చిత్రం ఒకటి పెద్ద సైజులో ఉచితంగా దించుకోండి. ఒక కాగితం మీద గాలి దిక్కుకి బాణం గుర్తు గీసి, కనిపించే ఒక్కో ఓడకీ ముక్కు ఎటుందో చిన్న గీత పెట్టండి. పది ఓడలు పెట్టేసరికి పైనుంచి చూసినట్టు యుద్ధం మ్యాప్ తయారవుతుంది, ఆ కాగితం చేతిలో పెట్టుకుని మళ్లీ చిత్రం చూడండి.