రోహిణి కార్తె రాకముందే సర్వర్లకు కాపలా పెట్టుకోండి

అనంతపురంలో సర్వర్లు చూసుకునేవాళ్లకు అసలు పరీక్ష మార్చి నుంచి జూన్ దాకా. పగలు నలభై దాటే ఎండ, సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన, మధ్యమధ్యలో కరెంటు పోవడం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫలితాలు, అడ్మిషన్లు, ఫీజుల పోర్టళ్ల రద్దీ. కాలేజీ కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు కావచ్చు. ఒక రాక్, ఒక యూపీఎస్, ఒక స్ప్లిట్ ఏసీ ఉన్న గది మీ బాధ్యతలో ఉంటే ఉగాది నాటికి ఈ మానిటరింగ్ పనులు, అంటే గదినీ సర్వర్లనూ కనిపెట్టుకుని తేడా రాగానే మీకు కబురు పంపే ఏర్పాట్లు, పూర్తి చేసుకోండి. రోళ్లు పగిలే ఎండలో, అవతల ప్రిన్సిపాల్ గారు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, అలర్ట్ నియమాలు రాయడం ఎవరివల్లా కాదు.

మానిటరింగ్ అనగానే చాలామంది సీపీయూ, మెమరీ గ్రాఫులతో మొదలుపెడతారు. మన వేసవికి ముందుగా కావాల్సింది గది వేడి. ఊళ్లో ఒక కాలేజీలో జరిగింది చెప్తాను. శనివారం రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ సర్వర్లను నిలబెట్టింది. కాసేపటికి కరెంటు వచ్చింది. అన్నీ మామూలుగానే నడుస్తున్నాయి, ఏసీ తప్ప. కొన్ని ఏసీలు కరెంటు తిరిగి రాగానే వాటంతటవే మొదలవవు, రిమోట్ నొక్కాల్సిందే. మర్నాడు ఆదివారం, గదికి తాళం. మానిటరింగ్ తెరమీద మధ్యాహ్నం దాకా అన్నీ పచ్చగానే ఉన్నాయి. తర్వాత వేడి తట్టుకోలేక ఒక్కో మెషిన్ ఆగిపోయింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, గది ఎంత వేడెక్కిందో దాన్ని చూడమని ఎవరూ చెప్పలేదు.

అందుకే రాక్ ముందు వైపు, చల్లగాలి లోపలికి వెళ్లే చోట ఒక సెన్సర్ పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే అది ఎప్పుడూ చల్లటి కబురే చెప్తుంది. మంచి సర్వర్లలో లోపలికొచ్చే గాలి వేడిని కొలిచే సెన్సర్ ముందే ఉంటుంది, సర్వర్ సెన్సర్లను దూరం నుంచి చదివే ఐపీఎంఐ అనే ఏర్పాటు ద్వారా ఆ రీడింగ్ తీసుకోవచ్చు. లేదంటే కొన్ని వందల రూపాయల్లో దొరికే వైఫై బోర్డు, దానికో డీఎస్18బీ20 అనే వేడి కొలిచే సెన్సర్ చాలు. డేటా సెంటర్లకు సాధారణంగా సిఫారసు చేసేది 18 నుంచి 27 డిగ్రీలు. మన చిన్న గదులకు నేనైతే 30 దాటితే మెసేజ్, 35 దాటితే ఫోన్ కాల్ పెడతాను. ఇంకో నియమం దీనికంటే ముందే పట్టిస్తుంది: పావుగంటలో మూడు డిగ్రీలు పెరిగిందంటే ఏసీ ఆగినట్టే లెక్క. అలాగే ఏసీ స్విచ్ ఆపి, అయిదు నిమిషాలాగి మళ్లీ వేయండి. రిమోట్ ముట్టుకోకుండా దానంతటదే మొదలైతే సరే. లేకపోతే మెకానిక్‌ని పిలిచి ఆటో రీస్టార్ట్ సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

తర్వాత యూపీఎస్. లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల లెక్కన చెప్తారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. బ్యాటరీలను మెట్ల కింద గాలాడని చోట పెట్టే మన అలవాటుకు మూడేళ్లు వస్తాయనుకున్నవి అంతకాలం ఎక్కడొస్తాయి! పాత బ్యాటరీతో తెరమీద కనిపించే ‘ఇంకా 40 నిమిషాలు’ అన్న అంకెను నమ్మొద్దు. ఒక సెలవు రోజు ఉదయం, ముఖ్యమైన పనులేవీ లేనప్పుడు, మెయిన్స్ ఆపి గడియారం పట్టుకుని కూర్చోండి. వచ్చిన నిమిషాల్లో సగాన్నే లెక్కలోకి తీసుకోండి. యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ఒక సర్వర్‌కు కలిపి నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే, బ్యాటరీ మీదకు వెళ్లిన సంగతి మెసేజ్‌గా వస్తుంది, చార్జ్ అడుగంటే ముందు సర్వర్లు పద్ధతిగా షట్‌డౌన్ అవుతాయి. ముందు అప్లికేషన్లు, తర్వాత డేటాబేస్, ఆ తర్వాత స్టోరేజ్. స్విచ్‌నీ రూటర్‌నీ చివరిదాకా ఉంచండి, మెసేజ్ బయటికి వెళ్లాల్సింది వాటి గుండానే. పనిలో పనిగా ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయించండి. ఎండలకు నేల ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది, మే నెల పిడుగుల వేళకు అది గట్టిగా ఉండాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం: మానిటరింగ్ సర్వర్ కూడా అదే రాక్‌లో, అదే యూపీఎస్ మీద, అదే ఇంటర్నెట్ లైన్ మీద ఉండటం. ఇంట్లో దొంగ పడితే కేకేయమని కాపలావాణ్ణి లోపలే పెట్టి తాళం వేసినట్టు. గది మొత్తం ఆరిపోతే కబురు చెప్పేదెవరు? జాబిక్స్, నాగియోస్, ప్రోమిథియస్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏది వాడినా లోపలిది లోపల ఉండనివ్వండి. దాన్ని కనిపెట్టుకోవడానికి బయట ఒకటి కావాలి. క్లౌడ్‌లో అతి చిన్న మెషిన్ తీసుకుని అప్‌టైమ్ కూమా లాంటి ఉచిత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా సరిపోతుంది. లోపలి సర్వర్ నిమిషానికోసారి దానికి ‘ఉన్నాను’ అని చెప్పాలి. అయిదు నిమిషాలు ఉలుకూ పలుకూ లేకపోతే బయటిది మీకు ఫోన్ చేయాలి.

రెండు కంపెనీల లైన్లు ఉన్నాయన్న ధైర్యం కూడా ఒకసారి పరీక్షించుకోండి. వీధిలోకి వెళ్లి తలెత్తి చూడండి. రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీద వస్తుంటే ఒక చెట్టుకొమ్మ చాలు, రోడ్డు తవ్వే జేసీబీ అయినా చాలు. స్పేర్ లైన్‌కూ విడిగా చెక్ పెట్టండి. అది చచ్చిపోయి నెలలైన సంగతి అసలు లైన్ తెగిన రోజే తెలియడం మామూలైపోయింది.

కబురు ఎలా చేరుతుందన్నది మరో చిక్కు. ఈమెయిల్‌ను రాత్రిపూట ఎవరూ చూడరు. టెలిగ్రామ్ బాట్ ఉచితం, పావుగంటలో తయారవుతుంది. కాకపోతే ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను నిద్రపుచ్చకుండా సెట్టింగ్ మార్చుకోవాలి. కంపెనీ ద్వారా ఎస్ఎంఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వేదికలో పంపేవారి పేరు, మెసేజ్ నమూనా రిజిస్టర్ చేయించాలి. చివరి వారంలో మొదలుపెడితే అయ్యే పని కాదు. సిమ్ వేసిన మోడెమ్ పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా మెసేజ్ వెళ్తుంది, కానీ ఆ సిమ్ రీచార్జ్ గడువుకూ ఒక రిమైండర్ పెట్టుకోవాలి సుమా.

ఏది అలర్ట్, ఏది కాదు? నా లెక్క ఒక్కటే. రాత్రి రెండింటికి ఇది వస్తే లేచి నేనేం చేస్తాను? జవాబు లేకపోతే అది ఉదయం రిపోర్ట్‌లోకి పోవాలి. రోజుకు వంద మెసేజ్‌లొచ్చే గ్రూప్‌ను వారంలోపే అందరూ మ్యూట్ చేస్తారు, అసలు కబురు కూడా అందులోనే మునిగిపోతుంది. ‘డిస్క్ 80 శాతం నిండింది’ అన్నదాన్నే చూడండి. నాలుగు టీబీల డిస్క్‌లో ఇంకా ఎనిమిది వందల జీబీలు ఖాళీ ఉన్నట్టు, తొందరేమీ లేదు. సర్వర్ తన పనుల చిట్టా (లాగ్) రాసుకునే నలభై జీబీల పార్టిషన్‌లో మిగిలింది ఎనిమిదే, ఫలితాల రోజున గంటలో నిండిపోతుంది. శాతం కాదు, నిండే వేగం చూడాలి. ప్రోమిథియస్‌లో ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్‌తో ‘ఇదే వేగంతో నాలుగు గంటల్లో నిండుతుంది’ అన్నప్పుడే లేపమని చెప్పవచ్చు. కరెంటు వచ్చీ పోయీ ఆడుకునే రోజుల కోసం, అయిదు నిమిషాలు వరసగా పోయి ఉంటేనే అలర్ట్ ఇవ్వమనండి. నాగియోస్‌లో ఏ పరికరం దేని వెనక ఉందో చెప్పే పేరెంట్ హోస్ట్ రాసి పెడితే, స్విచ్ పోయినప్పుడు దాని వెనకున్న కెమెరాలన్నీ విడివిడిగా గోల చేయవు.

వేళల దగ్గర ఒక మెలిక ఉంది. ప్రోమిథియస్ అలర్ట్‌లను పంపే అలర్ట్‌మేనేజర్‌లో టైమ్ జోన్ రాయకపోతే యూటీసీ కిందే తీసుకుంటుంది, అది మన సమయం కంటే అయిదున్నర గంటలు వెనక. చిన్న మెసేజ్‌లు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వద్దని రాస్తే, మన గడియారంలో అవి తెల్లవారుజామున మూడున్నర నుంచి పదకొండున్నర దాకా ఆగుతాయి. అంటే పడుకునే వేళ మోత, ఆఫీసు వేళ నిశ్శబ్దం. ఏషియా కోల్‌కతా అని తప్పకుండా రాయండి.

పింగ్‌కు, అంటే మెషిన్ ఉందా అని పంపే చిన్న పలకరింపుకు, జవాబు వస్తోంది కదా అని వెబ్‌సైట్ నడుస్తోందనుకోవద్దు. డేటాబేస్‌ను తాకే ఒక పేజీ తెరిచి, అందులో ఉండాల్సిన మాట ఉందో లేదో చూసే చెక్ పెట్టండి. వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు ముగుస్తోందని హెచ్చరించే మెయిళ్లను, ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2025 జూన్‌లో ఆపేసింది, ఆ కాపలా కూడా ఇప్పుడు మీదే. రోజూ తీసే బ్యాకప్‌కైతే ‘ఫెయిల్ అయింది’ అన్న మెసేజ్ కోసం ఎదురుచూడొద్దు, చివరిది పూర్తయి 26 గంటలు దాటితే అలర్ట్ రావాలి. ప్రోమిథియస్ పేజీలకు మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు, వాటిని ఇంటర్నెట్‌కు వదిలేయకండి. నెట్‌వర్క్ స్విచ్‌ల వివరాలు చదివే ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్ లాంటి మాట ‘పబ్లిక్’ అనే అలాగే ఉంటే మార్చండి.

ఫీడర్ మరమ్మతుల కోసం కరెంటు ఆపుతున్నామని పేపర్లో జిల్లా పేజీలో వేస్తుంటారు. ఆ రోజు అలర్ట్‌లు ఆపాలంటే ముగిసే సమయంతో సహా ఆపండి, గది వేడిది మాత్రం ఆపొద్దు. వాచ్‌మన్ అన్నకు ఏసీ రిమోట్ ఎక్కడుందో చూపించండి, తాళం ఒకటి ఆయన దగ్గర ఉంచండి. మెకానిక్, సబ్‌స్టేషన్, జనరేటర్ మనిషి నంబర్లు పెద్దక్షరాలతో తలుపుకు అంటించండి.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం ఎవరికీ ముందే చెప్పకుండా ఒక సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకండి, సెన్సర్‌ను కాసేపు గుప్పిట్లో పట్టుకోండి. ఏ మెసేజ్ ఎన్ని నిమిషాలకొచ్చిందో రాసుకోండి. మొదటి మనిషి ఫోన్ ఎత్తకపోతే పది నిమిషాల్లో రెండో మనిషికి వెళ్తోందో లేదో కూడా ఆ రోజే తేలిపోతుంది.